కిడ్నీ మార్పిడి శస్త్రచికిత్స నాణ్యతను లెక్కకట్టడం ఎలా

కిడ్నీ మార్పిడి ఎంత బాగా జరుగుతోందని అడిగితే చాలా కేంద్రాలు ముందుగా చూపేది, ఏడాది తర్వాత ఎన్ని గ్రాఫ్టులు (అమర్చిన కిడ్నీలు) పనిచేస్తున్నాయన్న అంకెనే. ఆ అంకె అవసరమే గానీ, మంచి కేంద్రాల్లో అది 90 శాతం దాటిపోయిన ఈ రోజుల్లో సర్జన్ల పనితనాన్ని విడదీసి చూపే శక్తి దానికి లేదు. శరీరం గ్రాఫ్టును తిరస్కరించడం, ఇన్‌ఫెక్షన్లు, గుండె జబ్బు, రోగి మందులు మానేయడం, అన్నీ అందులో కలిసిపోతాయి. కాబట్టి ఆపరేషన్ గదిలో తేలిపోయేవాటిని, తొలి 90 రోజుల్లో బయటపడేవాటిని విడిగా లెక్కపెట్టాలి. 30 రోజులకే ఆపేస్తే, మూత్రనాళంలో తాత్కాలికంగా ఉంచిన గొట్టం (స్టెంట్) తీశాక గానీ తెలియని యురేటర్ (మూత్రనాళం) ఇరుకుదనం లెక్కకు రాదు.

నిర్వచనాలు రాసిపెట్టుకోకుండా లెక్క మొదలుపెట్టకూడదు. రక్తనాళాలు కుట్టడానికి పట్టిన సమయాన్ని, కిడ్నీని మంచులోంచి తీసిన నిమిషం నుంచి రక్తనాళాలను బిగించిన క్లాంపులు వదిలి రక్తం పారేదాకా అని నిర్వచించుకుంటే, గడియారం చూసి ఆ రెండు సమయాలనూ రాసే బాధ్యత ఒక నర్సుకు అప్పగించాలి. ఆపరేషన్ అయ్యాక గుర్తు తెచ్చుకుని రాసే నిమిషాలు ఎందుకో ఎప్పుడూ ఐదుకో పదికో సరిపోతాయి. తొలి వారంలో డయాలిసిస్ అవసరమైతే గ్రాఫ్టు ఆలస్యంగా పనిచేసినట్టు లెక్కించడం వాడుక. పొటాషియం పెరిగిందని ఒక్కసారి చేసిన డయాలిసిస్‌ను అందులో కలపాలా వద్దా అన్నది ముందే తేల్చుకోవాలి. దాత పరిస్థితి, కిడ్నీ చల్లని నిల్వలో ఉన్న గంటలు కూడా దీన్ని ప్రభావితం చేస్తాయి గనుక మొత్తం సర్జన్ ఖాతాలో వేయడం న్యాయం కాదు.

అసలు సమాచారం దొరికేది శస్త్రచికిత్స సమస్యల పట్టికలోనే: మూత్రం లీకు, యురేటర్ ఇరుకుదనం, ధమనిలో గానీ సిరలో గానీ రక్తం గడ్డకట్టడం, లింఫోసీల్ (కిడ్నీ పక్కన లింఫు ద్రవం చేరడం), రక్తస్రావం, గాయం ఇన్‌ఫెక్షన్. మూడో రోజున, ఆపరేషన్ చోటి నుంచి ద్రవాన్ని బయటికి తీసే గొట్టానికి తగిలించిన డ్రెయిన్ సంచి ఒక్కసారిగా నిండిందనుకుందాం. ఆ ద్రవంలో క్రియాటినిన్ (కిడ్నీలు మూత్రంలోకి పంపే వ్యర్థం) రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటే అది మూత్రం, రెండూ దాదాపు సమానంగా ఉంటే లింఫు. ఈ పరీక్ష చేయని చోట రికార్డుల్లో లీకులు తగ్గి, ‘డ్రెయిన్ ఎక్కువగా ఉంది’ అన్న రాతలు పెరుగుతాయి.

తీవ్రతకు 2004లో వచ్చిన క్లావియన్–డిండో వర్గీకరణ సరిపోతుంది. సమస్య పేరును బట్టి గాక, దాన్ని సరిదిద్దడానికి ఏం చేయవలసి వచ్చిందన్నదాన్ని బట్టి అది శ్రేణి ఇస్తుంది. లీకుకు పూర్తి మత్తు లేకుండా చర్మం గుండా గొట్టం వేస్తే మూడో శ్రేణిలో ‘ఎ’, పూర్తి మత్తిచ్చి మళ్లీ ఆపరేషన్ చేస్తే ‘బి’. ఒక చిక్కుంది: ఆ వర్గీకరణ డయాలిసిస్‌ను నాలుగో శ్రేణిలో పెడుతుంది గనుక, ఆలస్యంగా పనిచేసిన ప్రతి గ్రాఫ్టూ తీవ్ర సమస్యగా కనిపిస్తుంది. దాన్ని వేరే గడిలో నమోదు చేయడమే మేలు.

కష్టమైన కేసులు తీసుకునేవారిని శిక్షించకుండా ఉండాలంటే దాత వయసు, గ్రహీత మధుమేహం, ఊబకాయం, పాత మార్పిడులు, కిడ్నీకి ఒకటికి మించి ధమనులు ఉండడం వంటివాటిని బట్టి ఊహించిన ఫలితంతో, జరిగిన ఫలితాన్ని పోల్చాలి. అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ 2007లో ఏడాది ఫలితాలకు హద్దులు పెట్టినప్పుడు కేంద్రాలు రిస్కు కేసులకు జంకుతున్నాయన్న విమర్శ వచ్చింది. పునరనుమతికి ఆ షరతును 2019లో తొలగించారు.

ఏడాదికి 40 మార్పిడులు చేసే చోట ఒక్క లీకు 2.5 శాతం, రెండైతే 5 శాతం. శాతాల్లో ఈ తేడా భయపెడుతుంది గానీ అది యాదృచ్ఛికమే కావచ్చు. అందుకే బ్రిటన్ పద్ధతిలో కుసుమ్ (CUSUM) పటం, అంటే జరిగిన, ఊహించిన ఫలితాల తేడాను కేసు వెంట కేసు కూడుకుంటూ పోయే గీత, గీయడం మంచిది. సమస్య వచ్చే అవకాశం 5 శాతమని అంచనా ఉన్న కేసు సజావుగా ముగిస్తే గీత 0.05 దిగుతుంది, సమస్య వస్తే 0.95 ఎక్కుతుంది. గీత వరుసగా పైకి పోతూ ముందే నిర్ణయించిన హద్దు దాటినప్పుడు ఆ కేసుల ఫైళ్లు తెరవాలి. కోత పెట్టిన ప్రతి కేసూ పటంలో ఉండాలి. నమోదు చేసేది ఆపరేషన్ చేసిన సర్జన్ కాకూడదు.

బతికున్న దాతకు వేరే పట్టిక కావాలి. అమెరికా లెక్కల్లో 1994–2009 మధ్య దాతల మరణాలు పదివేలకు సుమారు మూడే, ఆ తర్వాత ఇంకా తగ్గాయి గనుక, ఒక్క కేంద్రంలో మరణాల లెక్క ఏమీ చెప్పదు. రక్తస్రావం, చిన్న రంధ్రాల గుండా మొదలుపెట్టి తెరిచి చేసే ఆపరేషన్‌కు మారడం, మళ్లీ ఆసుపత్రిలో చేరడం, ఏడాది తర్వాతి క్రియాటినిన్, వీటిని రాయాలి.