పాత కారుకు పెట్రోల్ పైపులు, క్లిప్పులు మార్చడం ఎలా?

ఒంగోలు, కొత్తపట్నం, కావలి వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో తిరిగే పాత కారుకు ఇనుప పెట్రోల్ గొట్టం ఉప్పుగాలికి బయటి నుంచి తుప్పు పడుతుంది, రబ్బరు పైపు మాత్రం లోపలి నుంచి చివికిపోతుంది. 2023 నుంచి బంకుల్లోకి వచ్చిన, 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ ఆ పాత రబ్బరుకు సరిపడదు. రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగులుతాయంటారు, ఇంజను వేడి కూడా తోడైతే ఇరవై ఏళ్ల రబ్బరు ఏం నిలుస్తుంది? మా కార్బురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజనుకు అందించే భాగం) ఉన్న మారుతీ 800 పైపును బ్లేడుతో నిలువునా చీల్చి చూస్తే, పైకి బాగానే కనిపించిన దాని లోపలి పొర వేలికి మసిలా అంటుకుంది. అందుకే కారుతున్న ముక్కను మాత్రమే మార్చి ఊరుకోకూడదని, ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా రబ్బరంతా క్లిప్పులతో సహా ఒకేసారి మార్చాలని నా గట్టి అభిప్రాయం.

పనిని పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, ఆరుబయట మొదలుపెట్టాలి. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువైనది కనుక నేలను అంటుకుని పాకి, ఎంతో దూరంలో ఉన్న పొయ్యి దగ్గర కూడా అంటుకోగలదు. మూసిన షెడ్డులో, గోతిలో ఈ పని చేయకూడదు. బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, మంటలార్పే పొడి సిలిండరును చేతికందేలా పెట్టుకుని, ట్యాంకు మూత ఒకసారి తెరిచి లోపలి ఒత్తిడి పోయాక మళ్లీ బిగించాలి. ఎంపీఎఫ్ఐ కారైతే, అంటే కార్బురేటర్ బదులు పంపు ఒత్తిడితో పెట్రోల్‌ను ఇంజనులోకి చిమ్మే రకమైతే, బ్యాటరీ విప్పకముందే పంపు ఫ్యూజు తీసి, ఇంజను తనంతట ఆగేదాకా నడపాలి.

ఏ పైపు ఎక్కడికి వెళ్తుందో, ముఖ్యంగా మిగులు పెట్రోల్‌ను ట్యాంకుకు తిరిగి పంపే రిటర్న్ పైపు ఏదో, విప్పకముందే ఫోనుతో ఫొటో తీసుకోవాలి. కొత్త పైపు కొనేటప్పుడు బయటి మందం కాక లోపలి వ్యాసం చూడాలి; సాధారణంగా 6 లేదా 8 మిల్లీమీటర్లు ఉంటుంది. పైపు మీద ఎస్‌ఏఈ జే30 ఆర్9 అన్న అచ్చు ఉంటే ఇథనాల్‌ను తట్టుకుంటుంది, ఎంపీఎఫ్ఐ ఒత్తిడికీ ఆగుతుంది. ఒకసారి ఒక షెడ్డులో మా బండికి నీళ్ల ప్లాస్టిక్ గొట్టం తొడిగారు. కొద్ది నెలలకే అది కట్టెలా బిగుసుకుపోయి, హైవే మీద పంపు నుంచి ఊడిపోయింది. ఆనాడు మంట లేవకపోవడం మా అదృష్టం.

పాత పైపును లాగి పీకకూడదు, చీల్చి తీయాలి. లాగితే కార్బురేటర్ ముక్కు వంగుతుంది. కొత్తదాన్ని పదునైన బ్లేడుతో అడ్డంగా, నున్నగా కోయాలి. రంపంతో కోస్తే రాలే రబ్బరు పొడి కార్బురేటర్‌లోని సన్నని రంధ్రాన్ని, అంటే జెట్టును, మూసేస్తుంది. గొట్టం చివరనున్న ఉబ్బు దాటి కనీసం రెండున్నర సెంటీమీటర్లు ఎక్కించి, క్లిప్పును ఆ ఉబ్బుకు వెనకవైపు, అంటే ఉబ్బుకూ రబ్బరు పైపు అంచుకూ మధ్య, బిగించాలి. అంచులు మడిచిన, రబ్బరును కోయని క్లిప్పులే వాడాలి, బైండింగ్ వైరు చుట్టకూడదు. ఫిల్టరు మీది బాణం ఇంజను వైపు చూపాలి.

కారు కింది ఇనుప గొట్టాన్ని, దాన్ని బాడీకి పట్టి ఉంచే బిళ్లల కింద తప్పకుండా చూడాలి, ఎందుకంటే ఉప్పు బురద నిలిచేది అక్కడే. స్క్రూడ్రైవరుతో గీకితే గుంటలు కనిపిస్తే ఆ గొట్టం మార్చాల్సిందే. రాగి గొట్టం సులువుగా వంగుతుందని వేస్తారు గానీ అదురుకు గట్టిపడి చీలుతుంది, ఉక్కుదే వేయాలి. గొట్టాలను కలిపే యూనియన్ నట్టు విప్పేటప్పుడు రెండు స్పానర్లు పట్టాలి, లేకపోతే గొట్టం మెలిపడుతుంది. కొత్త గొట్టం సైలెన్సరుకు దూరంగా పోవాలి.

అన్నీ బిగించాక, పంపు ఫ్యూజు తీసి ఉంటే మళ్లీ పెట్టి, బ్యాటరీ కలిపి, ఒకరు సెల్ఫ్ కొడుతుంటే మరొకరు ప్రతి అతుకునూ టార్చితో చూడాలి. పొడి కాగితంతో తుడిస్తే కంటికి ఆనని తడి కూడా తెలుస్తుంది. పది నిమిషాలు ఇంజను నడిపి, వేడెక్కాక మరోసారి తుడవాలి. వంద కిలోమీటర్లు తిరిగాక కొత్త రబ్బరు కాస్త అణుగుతుంది కాబట్టి, అప్పుడు ప్రతి క్లిప్పునూ చూసి, వదులైనవాటిని పావు చుట్టు బిగించాలి.