పురుడుకు పుట్టింటికి వెళ్లేటప్పుడు హెచ్‌ఐవీ మందు ఆగకుండా చూసుకోవడం ఎలా?

కాపురం ఒడిశాలోని బరంపురంలో, పుట్టిల్లు ఆంధ్రలోని ఇచ్ఛాపురంలోనో సోంపేటలోనో. గంజాం జిల్లా తెలుగు ఇళ్లలో ఇది మామూలే. రైలెక్కితే దగ్గరే గానీ మధ్యలో రాష్ట్రం మారుతుంది, ఆసుపత్రి మారుతుంది, చీటీ మీద రాసే భాష కూడా మారుతుంది. హెచ్‌ఐవీ ఉన్న గర్భిణి విషయంలో నా భయమంతా ఈ రాకపోకల గురించే. పది రోజులు మందు తప్పితే తగ్గిన వైరస్ మళ్లీ పుంజుకోవచ్చు.

మందు ఏదీ వాడకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. మందు సరిగా వాడితే అది 5 శాతం లోపుకు పడిపోతుంది. కాబట్టి ‘నీకెందుకమ్మా పిల్లలు’ అన్నవాళ్ల మాట పట్టించుకోకండి. బిడ్డ కావాలా వద్దా అన్నది మీరు తేల్చుకోవాల్సిన సంగతి.

మొదట చేయాల్సింది, బయల్దేరడానికి నెల ముందే మీ ఏఆర్‌టీ సెంటర్‌లో, అంటే హెచ్‌ఐవీ మందు ఇచ్చే చోట చెప్పడం. బరంపురం వాళ్లకైతే అది ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ఉంది. ఎప్పుడు వెళ్తున్నారు, ఎన్ని నెలలుంటారు, కాన్పు ఎక్కడ, ఈ మూడూ కౌన్సెలర్‌కు చెప్పండి. కొద్ది రోజులకే అయితే సరిపడా మందు ముందే అడగండి. నాలుగైదు నెలలైతే శ్రీకాకుళం ఏఆర్‌టీ సెంటర్‌కు ట్రాన్స్‌ఫర్ రాయించుకోండి. మీ చికిత్స వివరాలు రాసే గ్రీన్ బుక్ చీరల అడుగున కాదు, చేతిసంచిలో ఉండాలి. అది చూపిస్తే అక్కడి డాక్టరుకు మీ కథంతా మొదటి నుంచి చెప్పక్కర్లేదు. ఫోన్‌లో ఫొటోలు కూడా తీసి పెట్టుకోండి.

ఇక్కడ ఒక చిక్కుంది. రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్ష 32 నుంచి 36 వారాల మధ్య చేయించాలి. అంటే ఎనిమిదో నెల దాటుతుండగా. మనవాళ్లు ఏడో నెలలో సీమంతం చేసి అమ్మాయిని తీసుకెళ్లిపోతారు. ఇక్కడ చేయించే వీలు తప్పిపోతుంది, అక్కడివాళ్లకు ఆ సంగతి తెలియదు. ఎక్కడ చేయించుకుంటారో వెళ్లకముందే తేల్చుకోండి. పుట్టబోయే బిడ్డకు ఏ మందు, ఎన్నాళ్లు అన్నది ఎక్కువగా ఆ ఫలితాన్ని బట్టే ఉంటుంది.

మందు వేసుకునే వేళ గురించి చాలామందికి ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. మీరు వేసుకునే హెచ్‌ఐవీ మాత్రలో డోలుటెగ్రావిర్ అనే మందు ఉంటే, దాన్ని పరగడుపున ఐరన్‌తో గానీ కాల్షియంతో గానీ కలిపి వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు. ఆశా దీదీ ఇచ్చే ఎర్ర మాత్రలు, కాల్షియం మానకూడదు, వేళ మారిస్తే చాలు. కాల్షియం పొద్దున టిఫిన్ తర్వాత, ఐరన్ మధ్యాహ్నం భోజనమయ్యాక, హెచ్‌ఐవీ మాత్ర రాత్రి పడుకోబోయే ముందు. కడుపు మంటకు తాగే గ్యాస్ సిరప్‌నూ ఆ మాత్రకు దూరంగా ఉంచండి. ఒక పూట మరిచిపోతే గుర్తుకు రాగానే వేసుకోండి, మర్నాడు రెండు కలిపి మాత్రం వద్దు.

కాన్పు ఆసుపత్రిలోనే జరగాలి. హెచ్‌ఐవీ ఉందన్న ఒక్క కారణంతో సిజేరియన్ చేయక్కర్లేదు. డాక్టరుకు సంగతి ముందే చెబితే బిడ్డ పుట్టిన కొన్ని గంటల్లోనే, వైరస్ సోకకుండా నెవిరపిన్ సిరప్ మొదలుపెడతారు. మామూలుగా 6 వారాలు పోస్తారు. వైరస్ ఎక్కువగా ఉందనుకుంటే ఇంకో మందు కలుపుతారు.

పురిటి గదిలో పెద్దవాళ్లు బిడ్డ నాలుకకు తేనె రాస్తారు, ఆముదం చుక్క వేస్తారు, వస అరగదీసి నాకిస్తారు. ప్రేమతో చేసేవే. కానీ మీరు చనుబాలు ఇస్తున్నట్లయితే 6 నెలలు నిండేదాకా ఆ పాలు, డాక్టరు ఇచ్చిన మందు తప్ప నీళ్లు కూడా వద్దు. పైవేవి పడినా పసి పేగు లోపలి పొర దెబ్బతిని, అక్కడి నుంచి వైరస్ లోపలికి పోయే వీలుంటుంది. తల్లిపాలా, డబ్బా పాలా అన్నది కౌన్సెలర్‌తో మాట్లాడి ముందే నిర్ణయించుకోండి. రెండూ కలపడమే అన్నిటికన్నా ప్రమాదం. అమ్మకు నిజం చెప్పలేకపోతే, ‘డాక్టరు ఏదీ పెట్టొద్దన్నారు’ అనండి. అది అబద్ధం కాదు. ఏ బిడ్డకైనా డాక్టర్లు చెప్పేది అదే.

ఇక హక్కుల మాట. 2017లో చేసిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. అది సరిహద్దుకు ఇటూ ఒకటే, అటూ ఒకటే. మీరు ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు, మీ సంగతి బయటపెట్టకూడదు, కాన్పు చేయబోమని తిప్పి పంపకూడదు. మంచానికి బోర్డు కట్టడం, కేస్ షీటు మీద అందరికీ కనిపించేలా ఎర్ర అక్షరాలు రాయడం కూడా గుట్టు బయటపెట్టడమే. భర్తకు చెబితే కొడతాడనో వదిలేస్తాడనో భయముంటే కౌన్సెలర్‌తో ఆ మాట అనండి. అలాంటప్పుడు వాళ్లు అతనికి చెప్పకూడదని అదే చట్టం అంటోంది. అత్తింట్లోంచి వెళ్లగొట్టనివ్వకుండా, ఆ ఇంట్లో ఉండే హక్కు కూడా ఇచ్చింది. ఎవరైనా మీరితే ఇలాంటి ఫిర్యాదులు విచారించడానికి రాష్ట్ర ప్రభుత్వం నియమించే అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. ఎవరిని పట్టుకోవాలో తెలియకపోతే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి, డబ్బు పడదు. వకీలు కావాలంటే న్యాయ సాయం హెల్ప్‌లైన్ 15100. ఆడవాళ్లకు ఆ సాయం ఉచితం.

భర్త సూరత్ మగ్గాల్లో పనిచేస్తుంటే, అతనికీ అక్కడి ఏఆర్‌టీ సెంటర్‌లోనే మందు దొరుకుతుంది. మందు కోసం పని మానుకుని ఊరికి రావక్కర్లేదు.

బిడ్డకు మొదటి పరీక్ష 6 వారాలకు. మూడో నెలలోనో ఐదో నెలలోనో అత్తింటికి తిరిగొచ్చేటప్పుడు మీ ట్రాన్స్‌ఫర్ చీటీతో పాటు ఆ రిపోర్టూ తీసుకుని రండి, ఎందుకంటే 6 నెలలకు, 12 నెలలకు మిగతా పరీక్షలు బరంపురంలోనే. ఆఖరిది 18 నెలలకు. అప్పటికింకా పాలు తాగుతుంటే, మాన్పించి 3 నెలలయ్యాక చేస్తారు. అందులో లేదని వస్తేనే బిడ్డకు సోకలేదని ఖాయంగా చెబుతారు.