బౌలింగ్ వీడియో గేమ్‌లో స్ట్రైక్‌లు కొట్టడం ఎలా?

బౌలింగ్ గేమ్ అనగానే మనవాళ్లకు బుమ్రా గుర్తొస్తాడు. ఇది ఆ బౌలింగ్ కాదు. మాల్స్‌లో బరువైన బంతిని దొర్లించి పది పిన్నులు పడగొడతారే, ఆ టెన్‌పిన్ బౌలింగ్. అందులోనూ 2006 నాటి వీ స్పోర్ట్స్‌లాంటి సరదా గేమ్ కాదు. పీబీఏ ప్రో బౌలింగ్‌లాగా లేన్ మీది నూనెను కూడా లెక్కలోకి తీసుకునే రకం.

కొత్తలో నేను మధ్యలో నిలబడి, పవర్ మొత్తం పెట్టి, ముందున్న పిన్నుకే గురిపెట్టేవాణ్ని. బంతి సరిగ్గా అక్కడే తగిలేది. చూస్తే వెనక చెరో మూల ఒక్కో పిన్ను నిలబడి ఉండేది! 7, 10 పిన్నులు అలా మిగిలితే ప్రొఫెషనల్స్‌కే దిక్కు తోచదు.

గురి పెట్టాల్సింది పాకెట్‌కి. కుడిచేతి ఆటగాడికి అది 1, 3 పిన్నుల (అన్నిటికంటే ముందున్నది, దాని వెనక కుడిపక్కది) మధ్య సందు. (ఎడమచేతి వాటమైతే ఇక్కడ చెప్పేదంతా అద్దంలో చూసినట్టు తిప్పుకోండి.) బంతి అక్కడికి సుమారు 6 డిగ్రీల కోణంలో వెళ్తే స్ట్రైక్ (మొదటి బంతికే పది పిన్నులూ పడిపోవడం) అవకాశం బాగా పెరుగుతుంది. 60 అడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పున్న లేన్‌లో తిన్నగా వేస్తే ఆ కోణం రాదు, హుక్ (చివర్లో పక్కకు వంగే బంతి) తిప్పాల్సిందే.

ప్రాక్టీస్ మోడ్‌లో స్పీడు, స్పిన్ రెండూ మధ్యస్థంగా పెట్టి, కాసేపు వాటి జోలికి వెళ్లకండి. పిన్నుల వైపు చూడటం మానేయండి. లేన్ మీద 39 పట్టీలు ఉంటాయి, వాటినే బోర్డులంటారు. కాస్త ముందు ఏడు బాణం గుర్తులు కనిపిస్తాయి. కుడి నుంచి రెండోది పదో బోర్డు మీద ఉంటుంది. బంతిని దాని మీదుగా పంపండి.

ఇక అసలు తలనొప్పి నూనె. మామూలు ప్యాటర్న్‌లో (నూనె పూసే తీరుని అలా అంటారు) మొదటి 40 అడుగుల వరకు పూస్తారు, మధ్యలో మందంగా, అంచుల్లో పలచగా. నూనె మీద బంతి జారుతుంది, పొడి చోట పట్టు దొరికి తిరుగుతుంది. ఆడేకొద్దీ నూనె చెరిగిపోతుంది కాబట్టి, ఇందాక పాకెట్‌కి వెళ్లిన బంతే ఇప్పుడు ముందే తిరిగి ఎడమకు పోతుంది. అప్పుడు పవర్ మార్చకండి. నిలబడే చోటు రెండు బోర్డులు ఎడమకు, గురి ఒక బోర్డు ఎడమకు జరపండి. ఎడమకు పోతుంటే ఇంకా ఎడమకా అనిపిస్తుంది కానీ, అక్కడ నూనె ఎక్కువ ఉంటుంది, బంతి ఆలస్యంగా తిరుగుతుంది.

ప్రో ప్యాటర్న్‌లకు ఒక చిట్కా ఉంది. ప్యాటర్న్ పొడవులోంచి 31 తీసేయండి. 40 అడుగులైతే 9. బంతి మలుపు తీసుకునే చోట తొమ్మిదో బోర్డు దగ్గర ఉండాలని లెక్క. ఇది అంచనా మాత్రమే, అక్కణ్నుంచి సర్దుకోవాలి.

పదో పిన్ను ఒక్కటే మిగిలితే హుక్ పక్కన పెట్టి, తిరగని ప్లాస్టిక్ బంతికి మారండి. బాగా ఎడమకు వెళ్లి నిలబడి, లేన్‌కి అడ్డంగా కుడి మూలకు తిన్నగా వేయండి. స్ట్రైక్‌కి 10తో పాటు తర్వాతి రెండు బంతుల పాయింట్లు కలుస్తాయి, స్పేర్‌కి (మిగిలిన పిన్నులన్నీ రెండో బంతితో పడగొట్టడం) ఒక్క బంతివే. అయినా స్పేర్లు వదిలేసేవాళ్ల స్కోరు పైకి లేవదు.

ఒక్క బంతి తేడా కొట్టగానే చోటు మార్చేయకండి, అది మీ బొటనవేలు పొరపాటు కావచ్చు. అదే తప్పు రెండోసారీ వస్తే అప్పుడు జరగండి.