తరగతి గదిలో పాఠం చెప్పడం – 4: ప్రశ్న అడిగాక ఆగడం

పోయిన పాఠంలో రేపటి పీరియడ్‌కి మూడు ప్రశ్నలు ముందే రాసుకుని వెళ్లమని చెప్పాను. ఒక్క మాటలో జవాబు వచ్చేవి కాకుండా ‘ఎందుకు’, ‘ఎలా’ అని అడిగే ప్రశ్నలు. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. ఆ ప్రశ్న అడిగిన తర్వాత టీచరు ఏం చేయాలన్నది ఈ పాఠం. చేయాల్సింది ఒక్కటే, మాట్లాడకుండా ఉండటం. వినడానికి చాలా తేలిక. నాకు మాత్రం పట్టుబడటానికి దాదాపు ఒక విద్యా సంవత్సరం పట్టింది.

ముందు నా సంగతి చెబుతాను. విశాఖలో ఒక హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. ఒకరోజు ఏడో తరగతిలో చెప్పిన పాఠాన్ని ఫోన్‌లో రికార్డు చేసుకుని, సాయంత్రం గాజువాక నుంచి మద్దిలపాలెం వచ్చే బస్సులో విన్నాను. ఎన్‌ఏడీ జంక్షన్ దాటకముందే మనసు బరువెక్కింది. “గాలి ఎందుకు వీస్తుంది?” అని అడుగుతున్నాను, పిల్లలు ఊపిరి తీసుకునేలోపే “ఎందుకంటే...” అని నేనే అందుకుంటున్నాను. సగానికి పైగా ప్రశ్నలకు జవాబులు నావే. మిగతావి ముందు బెంచీలో కూర్చునే ముగ్గురివి. మధ్యమధ్యలో “అర్థమైందా?” అని నా గొంతు, వెంటనే “అర్థమైంది టీచర్” అని క్లాసంతా ఒకటే కోరస్. ఆ కోరస్‌లో నిజంగా అర్థమైనవాళ్లు ఎందరో నాకు తెలిసే దారే లేదు.

ఇది నా ఒక్కదాని అలవాటు కాదని తర్వాత తెలిసింది. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు సైన్సు క్లాసుల్లో రికార్డు చేసిన టేపులు విని, ప్రశ్నకూ తర్వాతి మాటకూ మధ్య టీచర్లు ఆగేది మహా అయితే ఒక్క సెకను అని గమనించారు. 1974లో ఆ వివరాలు వ్యాసంగా వచ్చాయి. ఆ ఒక్క సెకనును 3 సెకన్లు చేయగానే పిల్లల జవాబులు పొడవయ్యాయి. ఊరికే జవాబు చెప్పి ఊరుకోకుండా కారణాలు చెప్పడం మొదలుపెట్టారు. ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు విప్పారు. పిల్లలే ఎదురు ప్రశ్నలు అడిగారు. ఆవిడ ఇంకొకటి కూడా చూపించారు. ఆగాల్సిన చోట్లు రెండు: మనం ప్రశ్న అడిగాక ఒకటి, పిల్లవాడు జవాబు చెప్పాక మరొకటి. మొదటిది మనలో కొందరికైనా అలవాటుంటుంది. రెండోది ఎవరూ పట్టించుకోరు, నా అనుభవంలో అసలు ఫలితమంతా అక్కడే ఉంది.

ఆ రెండో ఆగడం ఎలా ఉంటుందో ఒక క్లాసులో జరిగింది జరిగినట్టు చెబుతాను. “మధ్యాహ్నం బీచికి వెళితే గాలి సముద్రం వైపు నుంచి మొహానికి కొడుతుంది. ఎందుకు?” అని అడిగాను. చేతులు వెనక్కి పెట్టుకుని వేళ్లు మడుస్తూ లెక్కపెట్టుకున్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మూడో బెంచీలో ఒక అమ్మాయి నెమ్మదిగా అంది: “ఎండకి ఇసక తొందరగా కాలిపోద్ది టీచర్, నీళ్లు కాలవు.”

పాత రోజుల్లో అయితే “వెరీ గుడ్” అనేసి మిగతాదంతా నేనే చెప్పేసేదాన్ని. ఆరోజు ఏమీ అనలేదు. ఆ అమ్మాయి వైపే చూస్తూ మళ్లీ వేళ్లు మడిచాను. తనే అందుకుంది: “ఇసక మీద గాలి వేడెక్కి పైకి పోద్ది... అప్పుడు సముద్రం మీద గాలి ఆ ఖాళీలోకి వస్తాది.” మళ్లీ మౌనం. ఈసారి కిటికీ పక్కనున్న కుర్రాడు, జాలరిపేట నుంచి వచ్చేవాడు, పరీక్షల్లో ఎప్పుడూ అంతంతమాత్రమే, లేచి నిలబడ్డాడు. “రాత్రి తిరగబడతాది టీచర్. మా నాన్న తెల్లారగట్ల పడవేసుకుని ఎల్లినప్పుడు గాలి ఒడ్డు మీంచి ఏస్తాది.”

సముద్ర పవనం, భూ పవనం అనే పేర్లు అప్పటికి బోర్డు మీద నేను రాయనే లేదు. విషయం మాత్రం వాళ్ల నోటితోనే వచ్చేసింది. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి పొడి ఇసుకకు కావాల్సిన దానికి సుమారు 5 రెట్ల వేడి కావాలి అన్న ఒక్క ముక్క నేను కలిపాను. పైతరగతిలో విశిష్టోష్ణం అనే మాట ఎదురైనప్పుడు వాళ్లకు ఆ ఇసుక గుర్తొస్తుంది.

ఇక సాధన. ప్రశ్న పూర్తయ్యాకే పేరు పిలవండి. “రమణా, గాలి ఎందుకు వీస్తుంది?” అంటే రమణ తప్ప మిగతా నలభై మంది ఆ క్షణమే ఆలోచన మానేస్తారు. ప్రశ్న అడిగి, ఆగి, అప్పుడు రమణ పేరు పిలవండి. ముందే చేతులెత్తేసేవాళ్లకు “అందరూ ఆలోచించండి, నేను చెప్పేదాకా చేతులు కిందే” అని మొదటి రోజే చెప్పి ఉంచండి. మీరు ఆగిన సమయంలో ప్రశ్నను తిప్పి అడగకండి, క్లూలు ఇవ్వకండి, బోర్డు తుడవకండి. కదిలారంటే పిల్లల కళ్లు మీ వెంటే తిరుగుతాయి. ఇంకొకటి, మన బళ్లలో జవాబు చెప్పాలంటే లేచి నిలబడాలి. బిడియం ఉన్న పిల్లలకు అదే పెద్ద టెన్షన్. కూర్చునే చెప్పనివ్వండి, గొంతు దానంతటదే పెరుగుతుంది.

జవాబు వచ్చాక దాన్ని మీరు మళ్లీ గట్టిగా చెప్పకండి. టీచరు ఎలాగూ చెబుతుందని తెలిస్తే పక్కవాడి మాట ఎవరూ వినరు. “వినపడలేదా? తననే మళ్లీ అడగండి” అనండి. మెచ్చుకోలు కూడా కాస్త ఆపుకోండి. “గుడ్” అన్న మాటతో ఆ ప్రశ్న అక్కడితో అయిపోయిందని మిగతావాళ్లు అనుకుంటారు. పీరియడ్ చివర్లో పేరు పెట్టి, దేనికో చెప్పి మెచ్చుకోండి.

అన్ని ప్రశ్నలకూ ఇలా ఆగక్కర్లేదు. నీరు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతుందన్నది తెలిస్తే తెలుసు, లేకపోతే లేదు. అక్కడ ఆగితే పిల్లలకు ఇబ్బందే.

అరవై మంది ఉన్న క్లాసయితే పక్కవాడితో ఒక నిమిషం మాట్లాడుకోమనండి. ఫ్రాంక్ లైమన్ అనే విద్యావేత్త 1981లో చెప్పిన పద్ధతి ఇది: ముందు ఎవరికి వాళ్లు ఆలోచించాలి, తర్వాత జంటగా మాట్లాడుకోవాలి, ఆ తర్వాతే అందరి ముందూ చెప్పాలి. గోల అవుతుంది, నిజమే. హెడ్మాస్టరు గారు వచ్చి తొంగి చూసినా చూస్తారు, ముందుగా వారికి ఒక మాట చెప్పి ఉంచండి. మొదటి మెట్టు మాత్రం వదలకండి. ఆలోచించే ఆ అర నిమిషం ఇవ్వకపోతే జంటలో చురుకైనవాడే చెబుతాడు, రెండోవాడు తలూపుతాడు.

ఈ వారం ఒక్క పీరియడ్ రికార్డు చేసుకోండి. ఇంటికొచ్చి విని, కాగితం మీద మీ ప్రతి ప్రశ్న ఎదుట రెండు అంకెలు వేయండి: అడిగాక ఎన్ని సెకన్లు ఆగారు, జవాబు వచ్చాక ఎన్ని ఆగారు. జవాబు మీరే చెప్పేసిన చోట సున్నా చుట్టండి. తప్పు జవాబులు వచ్చిన చోట, పిల్లలు అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసి ఉంచండి. అయిదో పాఠం వాటితోనే మొదలవుతుంది.