పూగా వేడినీటి బుగ్గలకు వెళ్లాలనుకునేవాళ్లకి

లద్దాఖ్‌లోని లేహ్‌లో విమానం దిగిన రోజే పూగాకి బండి మాట్లాడుకోకండి. లేహ్ ఎత్తే సుమారు 3,500 మీటర్లు, పూగా లోయ దాదాపు 4,400, కాబట్టి కనీసం రెండు రోజులు లేహ్‌లోనే ఉండి, మెట్లెక్కితే వచ్చే ఆయాసం తగ్గాకే కదలండి. తలనొప్పి, వాంతులు ఉంటే మాత్ర మింగి పైకెళ్దాం అనుకోవద్దు, కిందికి దిగడమే మందు.

దారి ఇలా: కారూ, ఉప్షీ, అక్కణ్ణుంచి సింధు నది పక్కనే చుమాథాంగ్, మాహే దగ్గర వంతెన దాటితే సుమ్దో. సుమ్దోలో ఒక రోడ్డు త్సో మోరీరీ సరస్సుకి, ఇంకోటి పూగాకి. పెట్రోలు లేహ్‌లోనే ఫుల్ చేయించండి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉన్నా లోయలో సిగ్నల్ మీద ఆశ వద్దు, ఇంట్లో ముందే చెప్పేస్తే వాళ్లకి టెన్షన్ ఉండదు. పర్మిట్ సంగతి లేహ్‌లో కనుక్కోండి, విదేశీ పాస్‌పోర్టు ఉన్న మనవాళ్లకి రూల్స్ వేరు.

ఇక అసలు జాగ్రత్త బుగ్గల దగ్గరే. భద్రాచలం వైపు ఉష్ణగుండాలలో గోదావరి ఇసుక తవ్వి వేడినీళ్లు చూసినవాళ్లు ఇదీ అలాగే ఉంటుందనుకుంటారు, కానీ పూగా వేరు. నేలమీద తెల్లగా పేరుకున్నది మంచు కాదు, బోరాక్స్ (వెలిగారం), ఉప్పులు, మధ్యమధ్యలో పచ్చగా గంధకం. ఆ పొర కొన్నిచోట్ల కాలు పెడితే అప్పడంలా విరుగుతుంది, కింద ఉడుకుతున్న బురద. పశువులు నడిచిన గట్టి బాట మీదే నడవండి, పిల్లల చెయ్యి వదలొద్దు. ఆ ఎత్తులో నీళ్లు సుమారు 85 డిగ్రీలకే మరుగుతాయి, కొన్ని ఊటలు ఆ వేడికి దగ్గరగానే ఉంటాయి, వేలు ముంచి చూస్తే తోలు ఊడుతుంది. కాళ్లు పెట్టాలనిపిస్తే బుగ్గ నీళ్లు చల్లటి వాగులో కలిసే చోటికి, ఇంకా కిందికి వెళ్లి, ముందు ఒక మగ్గుతో ముంచి చూసుకోండి. తడి కాళ్లు వెంటనే తుడుచుకుని సాక్సులు వేసుకోవాలి, అక్కడి గాలి క్షణంలో కొరికేస్తుంది.

స్నానమే కావాలంటే లద్దాఖ్‌లోనే నుబ్రా లోయలో ఉన్న పనామిక్‌కి వెళ్లండి, అక్కడ స్నానాల గదులు కట్టారు. పూగా నీళ్లలో సబ్బు, షాంపూ దయచేసి వద్దు, చాంగ్‌పాల (అక్కడి సంచార పశుకాపరుల) మేకలు మేసేది ఆ వాగు పక్క గడ్డినే, పష్మీనా ఉన్ని వచ్చేది ఆ మేకల నుంచే. రాత్రికి పూగాలో ఉండకుండా చుమాథాంగ్‌కి దిగి పడుకోండి, ఎత్తు తగ్గితే నిద్ర పడుతుంది.