సెమీ అబ్‌స్ట్రాక్ట్ ఆయిల్ పెయింటింగ్‌ను చదవడం ఎలా?

వస్తువుల పోలిక లీలగా మిగిలి, మిగతాదంతా రంగులూ ఆకారాలుగా ఉండే ఇలాంటి చిత్రం కనబడగానే "అది పడవ, ఇది చెట్టు" అని పోల్చుకోబోతాం. పోలిక దొరికిందా, చూడటం అక్కడితో ఆగిపోతుంది. అందుకే ఆ పనిని చివరికి ఉంచండి. పక్కనున్న చీటీ మీది పేరు కూడా అప్పుడే చదవండి.

1. కూర్పు

చిత్రం వెడల్పుకు రెండింతల దూరంలో నిలబడి కళ్లు సగం మూయండి. వివరాలు చెరిగిపోయి లేత, ముదురు ముద్దలే మిగులుతాయి. వాటిని కాగితం మీద అగ్గిపెట్టెంత బొమ్మగా గీయండి. చూపు ముందు ఎక్కడికి పోయిందో గుర్తు పెట్టండి. సాధారణంగా లేతకూ ముదురుకూ తేడా బాగా ఉన్నచోటే. బరువు ఎటు ఒరిగిందో తేలకపోతే ఫొటో తీసి తలకిందులుగా చూడండి.

2. రంగు మందం, గరుకుతనం

ఇక్కడే ఎక్కువసేపు ఆగాలి. ఫొటోలో సరిగా తెలియనిది కూడా ఇదే. 30 సెంటీమీటర్ల దాకా దగ్గరికి వెళ్లి, ముట్టుకోకుండా పక్కవాటుగా చూడండి. వెంట్రుకల చాళ్లుంటే కుంచె పని. నున్నటి పలకలా ఉండి అంచున గట్టు లేస్తే పాలెట్ నైఫ్ (రంగు పులిమే చిన్న మొద్దు కత్తి) పని.

ఒక బూడిదరంగు పలక అంచున కింది నారింజ తొంగిచూస్తోందనుకోండి. రెండు రంగులూ చారలు చారలుగా కలిసిపోతే, కింది పూత పచ్చిగా ఉండగానే పైది పడింది. అంచు తెగినట్టు శుభ్రంగా ఉంటే కింది పూత ఆరేదాకా ఆగారు. పలచటి పూతకే రోజులు పడుతుంది, మందపు పూతకు వారాలూ నెలలూ. అంటే ఆ బూడిదరంగు తొందరలో పడ్డది కాదు, ఆలోచించి నారింజను కప్పింది.

పగుళ్లకు మాత్రం అర్థాలు వెతకొద్దు. నూనె ఎక్కువున్న పొర మీద నూనె తక్కువున్న పొర వేస్తే పైది ముందే గట్టిపడి, కింది పొర కదిలినప్పుడు చీలుతుంది. చాలాసార్లు అది పనిలో లోపమే.

3. రంగు

ఎరుపంటే కోపం, నీలమంటే దిగులు అనే జాబితాలు పక్కన పెట్టండి. ఏ రంగైనా పొరుగు రంగును బట్టే పలుకుతుంది. నారింజ పక్కన బూడిదరంగు నీలంగా అనిపిస్తుంది. తెల్లకార్డుకు చిన్న చిల్లు పెట్టి అందులోంచి చూస్తే అసలు రంగు తెలుస్తుంది. తెలుపులన్నీ మీగడరంగులో, నీలాలు ఆకుపచ్చగా ఉంటే పాత వార్నిష్ పసుపెక్కి ఉండొచ్చు. దాన్ని చిత్రకారుడి ఖాతాలో వేయకండి.

4. ఇప్పుడు పోలిక

చిత్రకారుడు నికొలా ద స్టాల్ 1952లో వేసిన ఫుట్‌బాల్ చిత్రాల్లో ఆటగాళ్లంటే మందపాటి రంగు పలకలే. ముఖకవళికలు లేవు, పలకల ఒరుగులోనే పరుగు ఉంది. మీ ముందున్న చిత్రంలో ఏది వదిలేశారో, ఏది ఉంచారో అలాగే చూడండి.

తర్వాత, పోల్చుకున్న ఆకారాన్ని బొటనవేలు అడ్డంపెట్టి దాచండి. మిగతాది చెదిరిపోయినట్టుంటే ఆ ఆకారమే చిత్రాన్ని మోస్తోంది. చెక్కుచెదరకుండా నిలబడితే బరువంతా రంగూ కూర్పూ మోస్తున్నట్టే. పడవో చెట్టో లోపలికి రావడానికి వాకిలి మాత్రమే.