పోడు పట్టాతో ఆగిపోకండి, కొండ మీద ఊరి హక్కు అడగండి

నేను శ్రీకాకుళం జిల్లా మెళియాపుట్టి కొండల్లోని సవర గిరిజన గూడెం ఆడబిడ్డను. మా వైపు అటవీ హక్కు అనగానే అందరూ పోడు పట్టా, అంటే అడవిలో సాగు చేసుకుంటున్న భూమికి ఇచ్చే హక్కు పత్రం గురించే అడుగుతారు. పట్టా కావాల్సిందే. కానీ పంట లేని నెలల్లో మా ఇళ్లు గడిచేది అడ్డాకులు, చింతపండు, కొండచీపుళ్లతో. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం వాటిని ఏరుకుని అమ్ముకునే హక్కు మనది. తరతరాలుగా వాడుకుంటున్న అడవిని కాపాడుకునే, చూసుకునే అధికారం కూడా ఊరిదే. మన గూడేలు షెడ్యూల్డ్ ఏరియాలో, అంటే రాజ్యాంగం కింద గిరిజన ప్రాంతంగా ప్రకటించిన చోట లేవు కదా అని చాలామంది వెనక్కి తగ్గుతున్నారు. తగ్గొద్దు, ఈ చట్టం మనకూ వర్తిస్తుంది.

పోడు భూమికి ఫారం-ఎ, ఊరంతా కలిసి ఏరుకునే, వాడుకునే సామూహిక హక్కులకు ఫారం-బి, ఊరు కాపాడుకుంటూ చూసుకునే అడవి మొత్తానికి ఫారం-సి. బి, సి రెండూ పెట్టండి.

ముందు గ్రామసభలో అటవీ హక్కుల కమిటీని ఎన్నుకోవాలి. 10 నుంచి 15 మంది ఉండాలి, మూడింట రెండొంతులు గిరిజనులు, కనీసం మూడో వంతు ఆడవాళ్లు. గ్రామసభ సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు కావాలి. అడ్డాకులు కోసేది ఎక్కువగా మనమే కాబట్టి, అక్కచెల్లెళ్లూ, ఆ రోజు పని మానుకుని రండి.

అసలు పని హద్దు నడవడం. ముసలివాళ్లను వెంటబెట్టుకుని గెడ్డలు (వాగులు), మెట్టలు, శ్మశానం, దేవత చెట్టు, పశువులు మేసే చోటు, దుంపలు తవ్వే చోటు అన్నీ కాగితం మీద గీయండి. రెండు రకాల సాక్ష్యాలు చాలు. హక్కు అడగని పెద్దల మాటను రాసుకున్నా అది సాక్ష్యమే. అందుకే మేం పక్క గూడెం తాతను పిలిచాం. గెడ్డ దగ్గర ఆగి, "ఇవతలి చింతచెట్లు మీవి, అవతలివి మావి, మా అయ్య కాలం నుంచి ఇంతే" అన్నాడు. ఆ మాట మార్చకుండా రాసి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించాం. పక్క గూడెంతో హద్దు తగువు కూడా అక్కడే తేలిపోయింది. శాటిలైట్ ఫొటోలో కనిపించలేదని ఎవరైనా అంటే టెన్షన్ పడకండి. అది మిగతా సాక్ష్యాలకు తోడే తప్ప వాటికి బదులు కాదు.

కమిటీ పరిశీలనకు వచ్చే రోజు అటవీ శాఖకు ముందే రాతపూర్వకంగా చెప్పాలి. వాళ్ల అభ్యంతరాలు, సంతకాలు అక్కడే తీసుకోండి. తర్వాత గ్రామసభ తీర్మానం సబ్‌డివిజన్ స్థాయి కమిటీకి, అక్కడి నుంచి జిల్లా కమిటీకి వెళ్తుంది. ఇచ్చిన ప్రతి కాగితానికీ రసీదు తీసుకుని, జిరాక్స్ ఇంట్లో ఉంచుకోండి. తిరస్కరిస్తే కారణం రాసివ్వాలి. నోటి మాట విని తిరిగి రావద్దు. గ్రామసభ తీర్మానం నచ్చకపోతే 60 రోజుల్లో సబ్‌డివిజన్ కమిటీకి, అక్కడా కాకపోతే మరో 60 రోజుల్లో జిల్లా కమిటీకి అప్పీలు పెట్టుకోవచ్చు.

హక్కు పత్రం వచ్చాక సరుకు రవాణాకు పర్మిట్ గ్రామసభ కమిటీయే ఇస్తుంది. అడవి సరుకు ఏరుకోవడానికి రుసుం కట్టక్కర్లేదు.